యుద్ధంలో వైద్యం – 14: బట్టలు, సబ్బు, నీళ్లు

పోయిన భాగంలో 1915 ఏప్రిల్ దగ్గర ఆగాం. బెల్జియంలో ఈప్ర్ పట్టణం బయట 22వ తేదీ సాయంత్రం జర్మన్లు క్లోరిన్ వదిలారు. నాలుగు రోజులకే, 26న, మన లాహోర్ డివిజన్ అదే మైదానంలో దాడికి దిగి గ్యాసులో చిక్కుకుంది. జమాదార్ మీర్ దస్త్ తనకూ గ్యాసు తగిలినా, గాయపడ్డ అధికారులను గుండ్ల వానలోంచి మోసుకొచ్చి విక్టోరియా క్రాస్ పొందాడు. ఆ గ్యాసు తెచ్చిన బాధ మాత్రం అతణ్ని చాలాకాలం వదల్లేదు.

క్లోరిన్ ఎంత క్రూరమైనదైనా, వైద్యులకు అందులో ఒక వెసులుబాటు ఉండేది. అది గాలిలో కలిసిన విషం. మనిషిని మంచిగాలి ఉన్న చోటికి తీసుకొస్తే విషం చాలావరకు వెనకే ఉండిపోయేది. డేరాలో పనిచేసే నర్సుకు రోగి వల్ల ప్రమాదం పెద్దగా ఉండేది కాదు. 1917 జూలై 12 రాత్రి, మళ్లీ ఆ ఈప్ర్ దగ్గరే, ఆ వెసులుబాటు పోయింది. జర్మన్లు మస్టర్డ్ షెల్స్ వేశారు.

మస్టర్డ్‌ను గ్యాసు అంటారు గాని అది జిడ్డు నూనె. షెల్ పగిలితే తుంపరలై బట్టల మీద, బూట్ల మీద, మట్టి మీద పడుతుంది. చలి ప్రాంతంలో రోజుల తరబడి అక్కడే ఉంటుంది. పడ్డప్పుడు నొప్పి తెలియదు. సైనికుడు ఆ బట్టలతోనే తిరుగుతాడు, తింటాడు, పడుకుంటాడు. కొన్ని గంటల తర్వాత కళ్లు ఎర్రబడి వాచి మూసుకుపోతాయి. చంకల్లో, తొడల మధ్య, చెమట పట్టే ప్రతిచోటా చర్మం బొబ్బలెక్కుతుంది. ఆ తర్వాత గొంతు, ఊపిరితిత్తులు. మొదటి మూడు వారాల్లోనే బ్రిటిష్ వైద్య శిబిరాలకు 14 వేల మందికి పైగా వచ్చారు. చనిపోయింది వాళ్లలో కొద్దిమందే. మిగిలినవాళ్లు వారాలు, నెలలు మంచం పట్టారు.

వైద్యులను కలవరపెట్టింది ఇంకొకటి. స్ట్రెచర్లు మోసినవాళ్ల చేతులు కాలాయి. రోగుల బట్టలు మడతపెట్టిన ఆర్డర్లీలకు బొబ్బలొచ్చాయి. చలికి తలుపులు బిగించి వెచ్చగా ఉంచిన వార్డుల్లో, రోగుల దుస్తుల నుంచి ఆవిరి లేచి నర్సుల కళ్లు మండాయి, గొంతులు పోయాయి. యుద్ధవైద్య చరిత్రలో రోగే మరొకరికి గాయమయ్యే పరిస్థితి ఇంత పెద్ద ఎత్తున రావడం అదే మొదలు. అప్పటిదాకా క్షతగాత్రుడు వస్తే ముందు మంచం మీద పడుకోబెట్టి, దుప్పటి కప్పి, వేడి టీ ఇచ్చేవాళ్లు. ఇప్పుడు ఆ ఆదరణే ప్రమాదమైంది. దుప్పటి కప్పితే విషం చర్మానికి ఇంకా గట్టిగా అదుముకుంటుంది.

అందుకే 1917, 1918 సంవత్సరాల్లో యుద్ధరంగం వెనక ఒక కొత్త రకం చోటు పుట్టింది. డేరాకు ఒక వైపు నుంచి మనిషి విషంతో లోపలికి వస్తాడు, బట్టలన్నీ అక్కడే తీసేస్తారు, వేడినీళ్లు, సబ్బు, కళ్లకు ముక్కుకు సోడా కలిపిన నీళ్లు, ఆ తర్వాత రెండో వైపు నుంచి శుభ్రమైన బట్టలతో బయటికి పోతాడు. అమెరికా సైన్యం ఇందుకోసం నీళ్ల ట్యాంకు, కాచే పొయ్యి, షవర్లు అమర్చిన లారీలు తయారుచేసింది. ఇంకో లారీ నిండా శుభ్రమైన దుస్తులు. బూట్లకు, నేలకు బ్లీచింగ్ పౌడర్. ఇందులో గొప్ప రసాయన శాస్త్రం ఏమీ లేదు. ఏ పని ముందు, ఏది తర్వాత అన్న క్రమం ఉంది, అంతే. దాన్ని కనిపెట్టడానికి వేలమంది చర్మాలు కాలాల్సి వచ్చింది.

మస్టర్డ్ చర్మాన్ని ఎలా కాలుస్తుందో పరీక్షించుకోవడానికి బ్రిటన్ మన సైనికులనే వాడుకుంది. 1930లలో మొదలై పదేళ్లకు పైగా, రావల్పిండిలోని సైనిక కేంద్రంలో, బ్రిటన్ రసాయనాయుధాల పరిశోధన కేంద్రమైన పోర్టన్ డౌన్ శాస్త్రవేత్తలు వందలాది భారతీయ సైనికులను మస్టర్డ్ గ్యాసు గదుల్లోకి పంపారు. కొందరి ఒంటి మీద నిక్కరు, నూలు చొక్కా తప్ప ఏమీ లేవు. తెల్లవాళ్ల చర్మం కన్నా భారతీయుల చర్మం ఎక్కువ కాలుతుందా, తక్కువ కాలుతుందా అన్నది వాళ్లు తేల్చుకోవాలనుకున్న విషయం. చాలామంది ఒళ్లు కాలి ఆసుపత్రి పాలయ్యారు. 2007లో బ్రిటన్ జాతీయ భాండాగారంలోని కాగితాలు పత్రికల్లోకి వచ్చేదాకా లోకానికి ఈ సంగతి తెలియదు. వాళ్లకు ఏం జరగబోతోందో ఎవరైనా సరిగా చెప్పి ఒప్పుకోలు తీసుకున్నారని నమ్మడం నాకు కష్టం. గ్యాసు యుద్ధ చరిత్ర రాసేవాళ్లు ఈప్ర్‌కు ఇచ్చినంత చోటు రావల్పిండికీ ఇవ్వాలి.

నేర్చుకున్నదాన్ని మరిచిపోతే ఏమవుతుందో 1943 డిసెంబర్ 2 రాత్రి ఇటలీలోని బారీ రేవులో తేలింది. జర్మన్ విమానాలు రేవు మీద బాంబులు వేశాయి. నిలిపి ఉన్న ఓడల్లో జాన్ హార్వీ అనే అమెరికన్ ఓడ ఒకటి. జర్మన్లు గ్యాసు వాడితే బదులివ్వడానికని అందులో రహస్యంగా 2,000 మస్టర్డ్ బాంబులు తెచ్చారు. ఓడ పేలింది. ఆ సరుకు సంగతి తెలిసిన ఓడ సిబ్బంది చనిపోయారు. మస్టర్డ్ రేవు నీళ్ల మీద తేలే చమురులో కలిసింది, నావికులు ఆ చమురులో ఈది ఒడ్డుకొచ్చారు.

ఆసుపత్రుల్లో వాళ్లను ఎలా చూశారో తలుచుకుంటే ఇప్పటికీ గుండె బిగుసుకుపోతుంది. చలికి వణుకుతున్నారని, నీళ్లలో మునిగి షాక్‌లో ఉన్నారని, చమురు ఓడుతున్న ఆ బట్టల మీదే దుప్పట్లు చుట్టారు. వెచ్చటి టీ ఇచ్చి గంటల తరబడి అలాగే ఉంచారు. కాలిన గాయాలు, విరిగిన ఎముకలు ఉన్నవాళ్లకే ముందు వైద్యం. చమురులో తడిసినవాళ్లు నెమ్మదిగా, గొడవ చేయకుండా కూర్చున్నారు. తెల్లవారేసరికి కళ్లు తెరవలేకపోయారు. 600 మందికి పైగా సైనికులు, నావికులు మస్టర్డ్ వల్ల ఆసుపత్రిలో పడ్డారు, 83 మంది ప్రాణాలు పోయాయి. ఊళ్లోని మామూలు జనంలో ఎంతమంది పోయారన్నది ఎవరూ లెక్కపెట్టలేదు. ఆ తొలి గంటల్లోనే బట్టలు తీసి, సబ్బుతో కడిగి ఉంటే వాళ్లలో చాలామంది బతికేవాళ్లు. అందుకు కావలసినవన్నీ ఆ ఆసుపత్రుల్లో ఉన్నాయి. రహస్యం వల్ల ఎవరికీ తెలియలేదు, అంతే.

ఇది మస్టర్డే అని తేల్చినవాడు లెఫ్టినెంట్ కల్నల్ స్టీవర్ట్ అలెగ్జాండర్ అనే అమెరికన్ వైద్యుడు. చనిపోయినవాళ్ల రక్తంలో తెల్లకణాలు దారుణంగా పడిపోయాయని ఆయన రాసిన నివేదిక, అప్పటికే యేల్ విశ్వవిద్యాలయంలో నైట్రోజన్ మస్టర్డ్‌తో జరుగుతున్న ప్రయోగాలతో కలిసి క్యాన్సర్ కీమోథెరపీకి దారి వేసింది. ఆ వైద్యానికి రెండో వేరు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారిది. ఆయన బృందం లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేసిన అమినోప్టెరిన్‌ను సిడ్నీ ఫార్బర్ లుకీమియా పిల్లలకు ఇచ్చింది 1947లో. ఒక వేరు విషంలోంచి వచ్చింది, ఇంకొకటి విటమిన్ మీద పరిశోధనలోంచి. సుబ్బారావు గారి కథ ఈ ధారావాహికలో విడిగా చెప్పుకోవాల్సినంత పెద్దది. ఇక్కడికి ఆపుతాను.

ఎందుకంటే ఇవాళ నేను అసలు చెప్పదలుచుకున్నది 1936 డిసెంబర్ 23న మొదలవుతుంది. జర్మనీలో లెవర్కుసెన్‌లో, ఐజీ ఫార్బెన్ కంపెనీ ప్రయోగశాలలో గెర్హార్డ్ ష్రాడర్ పురుగుమందు కోసం వెతుకుతున్నాడు. పంటల మీది పేనుబంకను చంపే కొత్త పదార్థం కావాలి. భాస్వరంతో ఆయన తయారుచేసినది అతి కొద్ది మోతాదులోనే ఒక్క పురుగును కూడా మిగల్చలేదు. కొద్ది రోజులకు దాని చుక్క ఒకటి బల్ల మీద పడింది. ష్రాడర్‌కు, ఆయన సహాయకుడికి చూపు మసకబారింది, ఊపిరి ఆడలేదు. కోలుకోవడానికి వారాలు పట్టింది. ఆ పదార్థమే తర్వాత టాబున్ అయింది. 1938లో అదే బృందం సారిన్ తయారుచేసింది. జర్మన్ సైన్యం రెండింటినీ రహస్యం చేసుకుంది. యుద్ధం ముగుస్తున్న రోజుల్లో అదే ష్రాడర్ పారాథియాన్ తయారుచేశాడు, అది పొలాలకొచ్చింది. 1950లలో ఇంగ్లండ్‌లో ఐసీఐ కంపెనీలో రణజిత్ ఘోష్ పురుగుల కోసం తయారుచేసిన అమిటాన్ మనుషులకు మరీ ప్రమాదమని పొలాల నుంచి వెనక్కి తీసుకున్నారు. సైన్యం తీసుకుని, ఆ దారిలోనే వీఎక్స్ అనే నరాల విషం దాకా పోయింది.

మోనోక్రోటోఫాస్, క్వినాల్‌ఫాస్, క్లోర్‌పైరిఫాస్, మిథైల్ పారాథియాన్. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో నలభై దాటిన పత్తి రైతు ఎవరికైనా ఈ పేర్లు నోటికి వస్తాయి. ఇవన్నీ ఆ భాస్వరం కుటుంబానివే. సారిన్‌తో పోలిస్తే బలం ఎన్నో రెట్లు తక్కువ. కానీ ఒంట్లోకి వెళ్లి చేసే పని ఒకటే. నరం కండరానికి పంపే సంకేతం పని అయ్యాక తుడిచేసే ఎంజైమ్ ఒకటుంటుంది, ఎసిటైల్‌కోలిన్ ఎస్టరేజ్. ఈ మందులు దాన్ని పట్టేస్తాయి. ఇక సంకేతం ఆగదు. కంటిపాప సూదిమొనంత అవుతుంది, నోట్లో చొంగ, ఒళ్లంతా చెమట, కడుపులో నొప్పి, వాంతి, కండరాలు లుకలుకలాడడం, చివరికి ఊపిరితిత్తుల్లో నీరు. సారిన్ తగిలిన సైనికుడికీ, పంపు కారి వీపు తడిసిన కూలికీ వైద్యుడు చూసే లక్షణాలు ఇవే. ఇచ్చే మందులూ ఇవే: అట్రోపిన్, ప్రాలిడాక్సిమ్. ఈ రెండోది 1950ల మధ్యలో కొలంబియా విశ్వవిద్యాలయంలో ఇర్విన్ విల్సన్ బృందం కనిపెట్టింది. మన ఆసుపత్రుల్లో దాన్ని ‘పామ్’ అంటారు. (అట్రోపిన్ జాతి పదార్థాలు ఉమ్మెత్తలోనూ ఉన్నాయి. అలాగని ఎవరూ ఉమ్మెత్త జోలికి పోవద్దు. దాని మోతాదు ఎవరి చేతిలోనూ ఉండదు, అది వేరే చావు.)

ఇప్పుడు సైన్యం ఈ విషాన్ని ఎలా కడుగుతుందో కాస్త నిదానంగా చూద్దాం. ఈ పనినే డీకంటామినేషన్ అంటారు, శిబిరాల్లో పొట్టిగా డీకాన్.

మొదటి పని సైనికుడిదే. మాస్కు తగిలించుకుంటాడు. నరాల విషం అని తెలిస్తే బట్టల మీంచే తొడలోకి పొడుచుకునే సూది ఒకటి జేబులో ఉంటుంది, అట్రోపిన్, ఆక్సిమ్ (ప్రాలిడాక్సిమ్ జాతి మందు) ఉన్నది. చర్మం మీద చుక్క కనబడితే తుడుచుకునే పొడి ఉంటుంది. బ్రిటిష్ సైన్యంలోనూ మన సైన్యంలోనూ ఆ కిట్లలో పెట్టిన పొడి ఫుల్లర్స్ ఎర్త్, అంటే మనిళ్లలో ముఖానికి రాసుకునే ముల్తానీ మట్టి. జిడ్డును పీల్చుకునే గుణం దానిది. దాన్ని అద్దాలి, పీల్చనివ్వాలి, దులపాలి. రుద్దకూడదు, రుద్దితే విషం లోపలికి పోతుంది. మస్టర్డ్ అయితే ఒకటి రెండు నిమిషాల్లో జరిగిన శుద్ధికి ఉన్న విలువ పావుగంట తర్వాత దానికి ఉండదు. అందుకే వైద్యుడి దాకా ఆగకుండా సైనికుడి చేతికే ఇచ్చారు.

ఆ తర్వాత శిబిరం. గాలి ఎటు నుంచి వీస్తోందో చూసి, ఆ వైపున, వీలైతే కాస్త మెట్టగా ఉన్న చోట వేస్తారు. మురికి వైపు, శుభ్రం వైపు మధ్య ఒక గీత. ఆ గీత దాటడం స్నానం చేశాకే, ఎంత పెద్ద అధికారి అయినా. ఊపిరి ఆగుతున్నా, రక్తం కారుతున్నా దాన్ని మురికి వైపే చూస్తారు. స్నానం కోసం ప్రాణం పోనివ్వరు. తర్వాత బట్టలు కత్తిరిస్తారు. తల మీంచి లాగరు, లాగితే ముఖానికి అంటుతుంది. కత్తిరించిన గుడ్డను లోపలి వైపు పైకి వచ్చేలా చుడతారు. బట్టలు తీసేస్తేనే ఒంటి మీది విషంలో 80 నుంచి 90 శాతం పోతుందని ఈ శిక్షణలో చెబుతారు. పాత కట్లు తీసి కొత్తవి కడతారు. తల నుంచి కాళ్ల దాకా సబ్బునీళ్లు ధారాళంగా, ఒత్తిడి లేకుండా. చెవుల వెనక, చంకలు, గజ్జలు, గోళ్ల సందులు మరవరు. కళ్లకు ఉత్త నీళ్లే. ఒకప్పుడు చర్మానికి పలచటి బ్లీచింగ్ నీళ్లు వాడేవాళ్లు. ఇప్పుడు ఎక్కువచోట్ల సబ్బు, నీళ్లకే వచ్చారు. గాయంలో బ్లీచింగ్ పడితే అదొక కొత్త బాధ. స్ట్రెచర్ మారుస్తారు. పరీక్ష కాగితంతోనో యంత్రంతోనో చూసి అప్పుడు గీత దాటిస్తారు.

ఈ క్రమం లేకపోతే ఏమవుతుందో 1995 మార్చి 20న టోక్యో చూపించింది. మెట్రో రైళ్లలో సారిన్ వదిలిన రోజు సెయింట్ లూక్స్ ఆసుపత్రికి ఒక్కదానికే 640 మంది వచ్చారు. ఏం విషమో మొదట తెలియదు. బట్టలు తీయకుండానే, గాలి సరిగా ఆడని ప్రార్థన మందిరంలో కూడా పడుకోబెట్టారు. తర్వాత సిబ్బందిని అడిగితే 472 మందిలో 110 మంది తమకూ లక్షణాలు వచ్చాయన్నారు. చాలామందికి తేలికగానే పోయింది. కానీ అది పలచటి సారిన్. చిక్కటిది అయి ఉంటే ఆ ఆసుపత్రే పడిపోయేది. అంతకు పదేళ్ల ముందే ఇరాక్ టాబున్, మస్టర్డ్ వేస్తుంటే ఇరాన్ వైద్యులు యుద్ధరంగం వెనకే స్నానాల కేంద్రాలు కట్టి, సయ్యద్ అబ్బాస్ ఫొరూతాన్ వంటివారు రాసి పెట్టినా, ఆ అనుభవం పెద్ద నగరాల ఆసుపత్రుల దాకా రాలేదు.

పత్తి పొలాలకూ రాలేదు. నా బాధ అక్కడ.

గుంటూరు నుంచి విజయవాడ హైవే మీద పెదకాకాని దాటగానే కుడిఎడమల చూస్తూ పోతే నాగార్జున విశ్వవిద్యాలయం వస్తుంది. జాతీయ విపత్తు స్పందన దళం పదో బెటాలియన్ చాలాకాలం ఆ ఆవరణలోనే ఉండేది. తర్వాత గన్నవరం దగ్గర కొండపావులూరుకు వెళ్లింది, అక్కడి ప్రాంగణం 2025 జనవరిలో ప్రారంభమైంది. వరదలు, తుపానులతో పాటు రసాయన ప్రమాదాలూ ఈ దళం చూసే పనుల్లోనివే. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలో ఆర్.ఆర్. వెంకటాపురం మీద స్టైరిన్ ఆవిరి కమ్మి 12 మంది చనిపోయినప్పుడు, ఈ దళం ఊరు ఖాళీ చేయించింది, రసాయనాల నిపుణుల జట్టును పూణే నుంచి విమానంలో దించారు. పెద్ద ప్రమాదానికి ఇలా కదిలే యంత్రాంగం ఉంది, ఉండాలి కూడా. పెదకాకాని చుట్టుపక్కల పొలాల్లో జరిగే ప్రమాదం మాత్రం ఒక్కో మనిషికి, ఒక్కో పూట, చప్పుడు లేకుండా జరుగుతుంది. దానికి ఏ దళమూ రాదు.

గుంటూరుకు పడమర, దక్షిణాల నల్లరేగడిలో, ప్రత్తిపాడు, పెదనందిపాడు, చిలకలూరిపేట, అవతల పర్చూరు, మార్టూరు వైపు, 1970లలో పొడుగు పింజ పత్తి విస్తరించింది. దానితో పురుగుమందులు. 1980లలో తెల్లదోమ, ఆ వెంటే శనగపచ్చ పురుగు. కొట్టినకొద్దీ పురుగు మొండికేసింది, అప్పు పెరిగింది. 1987, 88లలో ప్రకాశం, గుంటూరు పత్తి రైతుల ఆత్మహత్యలు దేశమంతా తెలిశాయి. చాలామంది తాగింది ఆ మందే. 1990లలో దేశంలో సాగుభూమిలో 5 శాతం దాకా ఉండే పత్తికి, వాడే పురుగుమందుల్లో సగం దాకా పోయేదన్నది తరచూ చెప్పే లెక్క. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో 1997 నుంచి 2002 దాకా పురుగుమందు విషంతో చేరినవాళ్లు 8,040 మంది, వాళ్లలో 22.6 శాతం చనిపోయారు. ఈ లెక్కలో తాగినవాళ్లే దాదాపు అంతా.

మందు కొడుతూ, కలుపుతూ విషం తగిలినవాళ్లు ఏ లెక్కలోకీ రారు. ఆంధ్రప్రదేశ్ పత్తి రైతుల మీద 2005లో వచ్చిన ఒక అధ్యయనంలో 50 మంది మహిళలు తమకు, తమ ఇంటి మగవాళ్లకు మందు కొట్టిన రోజు ఏమైందో తామే రాసిపెట్టారు. మందు కొట్టిన 323 సందర్భాల్లో 83.6 శాతం చోట్ల ఏదో ఒక లక్షణం కనిపించింది, తేలికదో తీవ్రమైనదో. నరాల మీద తీవ్రమైన దెబ్బ కనిపించినవి 6 శాతం. ఆసుపత్రికి వెళ్లినవాళ్లు ఒక్కరూ లేరు. ఇంకో సంగతి కూడా ఆ అధ్యయనంలో ఉంది. డ్రమ్ములో చిక్కటి మందు కలిపేది, పంపులో నింపి అందించేది ఆడవాళ్లు. చల్లేవాడికి ఎంత ప్రమాదమో వాళ్లకూ అంతే.

వీళ్లు రక్షణ దుస్తులు ఎందుకు వేసుకోరని అడుగుతారు. ఈ ప్రశ్నకు సైన్యమే జవాబు చెప్పింది. గాలి చొరని రబ్బరు సూటులో మనిషి పనిచేస్తే, ఎండల్లో అరగంట తిరక్కముందే ఒళ్లు కాగిపోతుంది. అందుకే శిబిరంలో డీకాన్ జట్లను కొద్దికొద్ది సేపటికి మార్చి, నీడలో కూర్చోబెట్టి నీళ్లు తాగిస్తారు. భాద్రపదం ఎండలో, నడుం ఎత్తు చేలో, వీపున పది పదిహేను లీటర్ల పంపుతో నడిచే కూలికి మారేవాడెవడు? ఎకరా లెక్కన కూలి. సూటు వేసుకోలేదని అతణ్ని తప్పుపట్టేవాళ్లు ఆ సూటును ఒక్క గంట ఆ చేలో వేసుకుని చూడాలి. చెమట పట్టిన వేడి చర్మం మందును ఇంకా తొందరగా పీలుస్తుంది. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ పత్తి చేలల్లో ఒక్క సీజన్లో ఇరవై మంది దాకా చనిపోయింది తాగి కాదు, కొట్టి.

కాబట్టి మన పొలాల్లో సూటు కన్నా స్నానమే నిలబడే దారి అని నా అభిప్రాయం. అదీ సైన్యం చూపించిన దారే. కానీ అందులో ఒక చిక్కుంది, దాన్ని దాటవేస్తే ఈ మాటలకు అర్థం లేదు. బట్టలు విప్పమని సైనికుడికి చెప్పడం తేలిక. ఆడ కూలి నడిచేలో చీర ఎలా మారుస్తుంది? మందు పడ్డ చీరతోనే సాయంత్రం దాకా పనిచేస్తుంది, ఆ చీరతోనే ఆటోలో పదిమంది మధ్య ఇంటికొస్తుంది, ఆ చేతులతోనే పిల్లల్ని ఎత్తుకుంటుంది. బారీలో నావికులకు చుట్టిన దుప్పటి ఇక్కడ చీర రూపంలో ఉంది. ఆధునిక డీకాన్ డేరాల్లో ఆడవాళ్లకు, మగవాళ్లకు వేరువేరు దారులు, తెరలు పెడతారు. మానం పోతుందని భయపడితే ఎవరూ బట్టలు తీయరని వాళ్లు నేర్చుకున్నారు. చేలో ఇందుకు కావలసింది మోటారు షెడ్డు పక్కన నాలుగు తాటి మట్టలతో కట్టిన తడిక, బోరు నీళ్లు, ఒక సబ్బు, ఒక మార్పు చీర. రైతు అవి పెట్టడం పనిలో భాగం కావాలి, దయ కాకూడదు.

చట్టం కాగితం మీద ఇవన్నీ ఎప్పుడో చెప్పింది. 1958లో కేరళలో పారాథియాన్ కలిసిన పిండి తిని వందమందికి పైగా చనిపోయాక, పదేళ్లకు, 1968లో పురుగుమందుల చట్టం వచ్చింది. 1971 నియమాల్లో రక్షణ దుస్తులు, ప్రథమ చికిత్స సామగ్రి ఉన్నాయి. సీసా మీద ఎర్ర త్రికోణం, లోపల మడత కాగితంలో చీమ అక్షరాల్లో ఇదే మాట: బట్టలు తీసి సబ్బుతో కడగాలి. చాలా ఆలస్యంగానైనా కొన్ని మందులు పోయాయి. 2011లో సుప్రీంకోర్టు ఎండోసల్ఫాన్‌ను ఆపింది. 2018లో మిథైల్ పారాథియాన్ నిషేధమైంది. 2023లో మోనోక్రోటోఫాస్ 36 శాతం ద్రావణాన్ని నిలిపేయాలని కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. శ్రీలంక దాన్ని 1995లోనే ఆపి ఎన్నో ప్రాణాలు కాపాడుకుంది. మన సైన్యపు మస్టర్డ్ నిల్వలు, 1997లో ప్రకటించిన 1,044 టన్నులు, 2009కల్లా పూర్తిగా ధ్వంసమయ్యాయి. పత్తి చేల మోనోక్రోటోఫాస్‌కు ఇంకో పద్నాలుగేళ్లు పట్టింది.

ఇంకా చాలా మందులు వాడుకలో ఉన్నాయి, కొత్తవీ వస్తున్నాయి. పత్తికే కాదు, మిరపకూ కొడుతూనే ఉన్నారు. ఈ భాగం చదివే రైతు ఇళ్లలో ఒకటి గుర్తుంచుకుంటే చాలు. మందు తగిలి ఎవరికైనా చెమటలు పోసి, చూపు మసకబారి, వాంతి అయితే, చేలోంచి బయటికి, గాలి వచ్చే వైపుకు తేవాలి. మీ చేతులకు కవరైనా చుట్టుకుని అతని బట్టలు తీసి మూట కట్టి దూరంగా పెట్టాలి, జుట్టుతో సహా సబ్బుతో కడగాలి, కళ్లలో పావుగంట మంచినీళ్లు పోయాలి. ఊపిరి తీసుకోవడం కష్టంగా ఉంటే కడగడం కోసం ఆగకుండా, బట్టలు మాత్రం తీసేసి, 108కి ఫోన్ చేసి బయల్దేరాలి. నోట్లోకి పోయి ఉంటే వాంతి చేయించే ప్రయత్నాలు, ఉప్పునీళ్లు వద్దు. గుంటూరు జీజీహెచ్‌కైనా, దగ్గర్లో ఏ ఆసుపత్రికైనా వెళ్లేటప్పుడు ఆ సీసాను మూత బిగించి, కవర్లో పెట్టి వెంట తీసుకెళ్లాలి. ఫాస్ జాతి మందుకు అట్రోపిన్, పామ్ కావాలి. ఎండోసల్ఫాన్ వంటి దానికి ఆ రెండూ పనికిరావు, ఫిట్స్ ఆపే మందులు కావాలి. పైరెథ్రాయిడ్ అయితే వైద్యం మళ్లీ వేరు. లేబుల్ మీది పేరు చూస్తే క్యాజువాలిటీలో డాక్టరుకు ఓ అరగంట కలిసొస్తుంది.